మా ఇంటి వేషాల పంచాయితీ

వినాయక చవితి ఉండ్రాళ్ళు ఇంకా అరగకముందే మా ఇంట్లో హాలోవీన్ వేషాల పంచాయితీ మొదలవుతుంది. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే అక్టోబరు 31 సాయంత్రం మహా అయితే రెండు గంటలసేపు ఒంటి మీద ఉండే ఆ బట్టల కోసం మేము నెలన్నరపాటు వాదించుకుంటామని చెబితే తిరుపతిలో ఉన్న మా అమ్మ నమ్మదు. నమ్మినా, తన పెళ్ళి పట్టుచీరను తాను ఒక్క పూటలో తేల్చుకున్నానని గుర్తు చేసి ఫోను పెట్టేస్తుంది.

పెద్దవాడికి మూడేళ్ళున్నప్పుడు, 2015 లో, మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. నాకు అదే మొదటి అనుభవం కాబట్టి, వాడి కంటే ఎక్కువ ఉత్సాహం నాకే ఉండేది. పసుపు నలుపు చారల తేనెటీగ వేషం, వీపుకు వల గుడ్డతో చేసిన రెక్కలు, తలకు స్ప్రింగుల మీద ఊగే రెండు మీసాలు కొని, వారం ముందే తొడిగి ఫొటోలు తీసి బంధువులందరికీ పంపాను. తీరా ఆ సాయంత్రం చలిగాలి మొదలయ్యేసరికి, ఆ వేషం మీద నీలం రంగు చలికోటు తొడగక తప్పలేదు. రెక్కలు కోటు కింద నలిగిపోయి వీపు మీద గూనిలాగా తేలాయి. తలుపు తీసినవాళ్ళకు కనిపించింది నీలం కోటు, దాని పైన ఊగుతున్న రెండు మీసాలు మాత్రమే కాబట్టి, ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా, చీమ వేషమా అని అడిగాడు. చలి ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు వేషాన్ని రెండు సైజులు పెద్దది కొని లోపల స్వెటరు వేస్తారని మా పక్కింటావిడ మరునాడు చెప్పింది. ఆ తేనెటీగ అసలు వాడి కోరికే కాదని, నా ముచ్చటకు వాడు చలిలో నడిచాడని ఒప్పుకోవడానికి మాత్రం నాకు ఇంకొన్నేళ్ళు పట్టింది.

మరుసటి సంవత్సరం టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు మారాము. ఇక్కడ అక్టోబరు చివర ఒక ఏడాది ఉక్కపోత, ఇంకో ఏడాది వణుకు. ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. న్యూజెర్సీ అనుభవంతో తెలివి తెచ్చుకున్నాననుకుని దళసరి ఫ్లీసు గుడ్డతో కుట్టిన షార్క్ చేప వేషం కొన్నాను. నాలుగిళ్ళు తిరిగేసరికి వాడి జుట్టు నుంచి చెమట కారింది, షార్క్ తలను ఊడదీసి నా చేతికిచ్చాడు. మిగిలిన గంటసేపూ ఒక చేతిలో టార్చిలైటుతో, మరో చంకలో నోరు తెరిచిన చేప తలతో నేను వీధులు తిరిగాను. ఎదురుపడిన ప్రతి తల్లి చేతిలోనూ ఏదో ఒకటి, ఒక రెక్క, ఒక కిరీటం, ఒక మంత్రదండం, ఉండటం చూశాక, వేషం ఎంచేటప్పుడు చివరికి దాన్ని మోసేది ఎవరన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలని తెలిసింది.

సెప్టెంబరులో ఊళ్ళో ఖాళీపడిన ఏదో ఒక పెద్ద దుకాణానికి రాత్రికి రాత్రే వేషాలమ్మే స్పిరిట్ హాలోవీన్ బోర్డు వేలాడుతుంది. 1983 లో కాలిఫోర్నియాలో ఒక్క కొట్టుగా మొదలైన ఆ వ్యాపారం ఇప్పుడు ఏటా రెండు నెలలపాటు దేశమంతా ఇలా వెలిసి, నవంబరు మొదటి వారానికల్లా మాయమవుతుంది. 2023 లో హాలోవీన్ మీద అమెరికన్లు పెట్టే ఖర్చును చిల్లర వ్యాపారుల సంఘమైన నేషనల్ రిటైల్ ఫెడరేషన్ 1,220 కోట్ల డాలర్లుగా అంచనా వేసిందంటే, అందులో మా ఇంటి వాటా ఎంతో చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. దుకాణంలో ప్యాకెట్టు మీది బొమ్మలో పిల్లవాడికి కనిపించే బూట్లు, కత్తి, జుట్టు లోపల ఉండవు. అవన్నీ విడిగా కొనుక్కోవాలి. ముసుగుల విషయంలో నా అభిప్రాయం గట్టిది. కళ్ళ దగ్గర చిల్లులు ఎంత పెద్దవైనా, ముసుగు తొడిగిన పిల్లలకు పక్క నుంచి వచ్చే కారు కనిపించదు. ఊపిరికి లోపలంతా తడిసి, రెండో వీధి మలుపు తిరిగేలోపు ఆ ముసుగు నుదుటి మీదికి చేరుతుంది. వినియోగ వస్తువుల భద్రతను చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ కూడా ముసుగు బదులు ముఖానికి రంగు వేయమనే చెబుతుంది. నల్లబట్టల వేషమైతే వీపుకూ, మిఠాయి సంచికీ వెలుగును తిప్పికొట్టే టేపు అంటించాలి. 2007 నుంచి, చలికాలం కోసం గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పే రోజును నవంబరు మొదటి ఆదివారానికి జరిపారు కాబట్టి, మా ఊళ్ళో 31న పొద్దు గుంకేసరికి ఆరున్నర దాటుతుంది. చిన్నపిల్లలు వెలుతురులోనే తిరిగి వచ్చేస్తారు, చీకట్లో తిరిగేది పెద్దపిల్లలే.

మా ఇంటి చరిత్రలో చెప్పుకోదగిన వేషం 2019 నాటిది. మా అత్తయ్య రాజమండ్రి నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. రోజూ రాత్రి మా వాడిని పక్కన పడుకోబెట్టుకుని భారతం కథ చెప్పేవారు. అంతకుముందు వాడు హనుమంతుడి వేషం వేస్తానంటే నేను వద్దన్నాను. కృష్ణాష్టమికి కృష్ణుడి వేషం వేయించే మనమే, పుర్రెలూ అస్థిపంజరాలూ వేలాడే గుమ్మాల ముందుకు దేవుణ్ణి పంపడం నాకు మింగుడు పడలేదు. వాడు రెండు రోజులు అలిగి, మూడో రోజు ఘటోత్కచుడినవుతానన్నాడు. నేను నసుగుతుంటే అత్తయ్య పప్పు ఏరుతూ తల ఎత్తకుండానే తీర్పు చెప్పారు.

“దేవుడి వేషం వద్దన్నావు, బానే ఉందమ్మాయ్. వీడు రాక్షసుడే కదా! దయ్యాల పండక్కి రాక్షసుడెళ్తే తప్పేముంది?”

ఈ మాట పట్టుకుని మావారు, అయితే తాను భీముడు, నేను హిడింబి అని కుటుంబమంతటికీ ఒకే కథ వేషాలు ఖరారు చేయబోయారు. ఇంటిల్లిపాదీ జతగా వేషాలు వేసుకోవడం ఇక్కడ బాగా వాడుకలో ఉన్నదే కానీ, అది ఫొటో కోసం పెద్దలు పడే సరదా అని నా అనుమానం. హిడింబి విషయంలో నా అభ్యంతరానికి కారణం అదొక్కటే కాదని మావారికి ఇప్పటికీ నమ్మకం.

వేషం కుట్టడానికి అత్తయ్యకు పది రోజులు పట్టింది. చిరిగిన నా కంచిపట్టు చీర అంచును కత్తిరించి, ముదురు ఎరుపు వెల్వెట్టు గుడ్డకు చేత్తో కుట్టారు. నడుము దగ్గర బొందు వేస్తే బాత్రూముకు వెళ్ళాలన్నప్పుడు ముడి పడుతుందని, దాని బదులు వెల్క్రో పట్టీ పెట్టించారు. ఏ దుకాణపు వేషంలోనూ నేను అంతటి ముందుచూపు చూడలేదు. అటుకుల్లాంటి మొక్కజొన్న ఫలహారం వచ్చే అట్టపెట్టెను కిరీటం ఆకారంలో కోసి, బంగారు కాగితం చుట్టి, మధ్యలో తన బొట్టుబిళ్ళల ప్యాకెట్టులోని రాళ్ళ బిళ్ళలు అంటించారు. ప్లాస్టిక్ బంతికి చిల్లు పెట్టి పైపు ముక్క దిగేస్తే గద అయింది. కాటుకతో మీసం దిద్దారు. బడిలో ఆయుధాలు నిషిద్ధం కాబట్టి ఆ ఉదయం గద ఇంట్లోనే ఉండిపోయింది, గద లేని ఘటోత్కచుడిని టీచరు మహారాజు అనుకుంది.

సాయంత్రం కూడా అదే జరిగింది. మొదటి ఇంట్లో రాజువా అన్నారు, రెండో ఇంట్లో జీనీ భూతమా అన్నారు, మూడో ఇంట్లో మల్లయోధుడివా అన్నారు. మా వాడు ఒక్కొక్కరికీ తాను భీముడి కొడుకుననీ, యుద్ధంలో కర్ణుడి శక్తి తగిలి చనిపోతూ కూడా ఒళ్ళు పెంచి శత్రుసైన్యం మీద పడ్డాననీ గుక్క తిప్పుకోకుండా వివరించాడు. వినేవాళ్ళ వెనుక మరో నలుగురు పిల్లలు సంచులు చాచి నిలబడి ఉన్నారు. నాలుగో ఇంట్లో మళ్ళీ రాజువా అని అడిగితే, నా వైపు చూడకుండా అవునన్నాడు. ఆ తర్వాత వీధి చివరి ఇంట్లో తలుపు తీసిన పెద్దాయన, మా తెలుగాయనే, గదనూ మీసాన్నీ ఒక్క క్షణం చూసి, “ఓహో, హిడింబాసుతులు వేంచేశారా!” అని రెండు చేతులూ జోడించి, మిఠాయి గిన్నెను మొత్తంగా వాడి సంచిలోకి వంచాడు. ఇంటికి వచ్చేదాకా వాడి కాళ్ళు నేల మీద ఆనలేదు. అయినా, ఆ తరువాత మళ్ళీ వీధుల్లోకి వెళ్ళిన ఏడాది వాడు ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేని స్పైడర్‌మ్యాన్‌ను కోరుకున్నాడు. పిల్లల వేషాల సర్వేలో ఏటా ముందుండే వేషాల్లో అదొకటి. వాడి లెక్క నాకు న్యాయంగానే తోచింది.

మా తిరుపతిలో గంగమ్మ జాతరకు వేషాలు చూస్తూ పెరిగిన నాకు ఆ రాత్రి ఒక సంగతి తట్టింది. అక్కడ బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొకటి ముందే నిర్ణయమై ఉంటుంది. మొక్కుకున్నవాడు నామాల మట్టి పూసుకుని వీధిలోకి వస్తే, నువ్వెవరివని అడిగేవాడు ఊళ్ళో ఉండడు. పాళెగాణ్ణి వెతకడానికి గంగమ్మ మారువేషాలు వేసిన కథ అందరికీ తెలుసు కాబట్టి వేషానికి వివరణ అక్కరలేదు. ఇక్కడ ఆ కథ తెలిసిన గుమ్మం వీధికి ఒక్కటి ఉంటే గొప్ప.

2024 లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజున, అక్టోబరు 31న వచ్చాయి. అప్పటికి మా చిన్నదానికి ఆరేళ్ళు. అది వ్యోమగామి వేషం ఎంచుకుంది; లక్ష్మీపూజ అయ్యాక పట్టుపరికిణీ విప్పి అది తొడగాలన్నది మా ఒప్పందం. పూజ పూర్తయ్యేసరికి, జడకుప్పెలతో, గాజులతో తనను తాను అద్దంలో చూసుకుని, విప్పనని మొండికేసింది. సరే పొమ్మన్నాను. రెండో ఇంట్లో ఒకావిడ నిజంగానే ముచ్చటపడి, ఎంత చక్కని యువరాణి కాస్ట్యూమో అంది. ఆవిడ మాటలో దోషం వెతకడం అన్యాయమే అవుతుంది, ఆ రాత్రి గుమ్మం ఎక్కిన ప్రతి పిల్లకూ ఆవిడ అలాంటి మాటే చెప్పింది. కానీ చిన్నది మెట్లు దిగి వచ్చి, “అమ్మా, ఇది కాస్ట్యూమా?” అని అడిగినప్పుడు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇది మన బట్ట తల్లీ, వేషం కాదు అని చెబితే, మరి వేషం లేకుండా క్యాండీ ఎలా ఇచ్చారని అడిగింది. ఇంటికి వచ్చి వ్యోమగామి బట్టలు వేసుకుని మళ్ళీ బయలుదేరింది. ఆ రెండో ఇంటికి మళ్ళీ వెళ్ళి ఇంకో చాక్లెట్టు కూడా తెచ్చుకుంది.

అదే రాత్రి మా మెట్ల మీద వరసగా పెట్టిన ప్రమిదల పక్కనుంచి ఒక బుల్లి మంత్రగత్తె పొడవాటి అంగీ ఈడ్చుకుంటూ ఎక్కడం చూసి నా గుండె జారింది. మంటను తట్టుకునే గుడ్డ అని చీటీ ఉన్న వేషాన్నే కొనమంటారు, మండే బట్టల మీద 1953 నుంచి ఇక్కడ చట్టమూ ఉంది. కానీ తట్టుకుంటుందంటే అంటుకోదని అర్థం కాదు. ప్రమిదలన్నింటినీ కిటికీ గట్టు మీదికి మార్చి, మెట్ల మీద బ్యాటరీ దీపాలు పెట్టాను. నూనె దీపం కళ దానికి రాదు, నిజమే.

2025 లో పెద్దవాడికి పదమూడు నిండాయి. ఇంత వయసులో వెళ్ళవచ్చా అన్నది వాడి సందేహం. వర్జీనియాలోని చెసపీక్ నగరంలో పన్నెండేళ్ళు దాటినవాళ్ళు ట్రిక్ ఆర్ ట్రీట్‌కు, అంటే ఇలా మిఠాయిల కోసం ఇంటింటికీ, వెళ్ళకూడదని చట్టం ఉండేదనీ, 2019 లో దాన్ని పద్నాలుగేళ్ళకు సడలించారనీ ఎక్కడో చదివి, వాడు తానింకా ఒక ఏడాది అర్హుడినని ప్రకటించాడు. అక్టోబరు 30 రాత్రి వరకూ మాత్రం ఏ వేషమూ తేల్చలేదు. చివరికి వాడు అడిగింది దయ్యం వేషం. ఐర్లండు, స్కాట్లండు వలసదారులు ఈ ఆచారాన్ని ఇక్కడికి తెచ్చిన కాలం నుంచీ ఉన్న పాత వేషం, దుకాణంతో పనిలేనిది. తెల్లగుడ్డ ఒకటి చాలు. మా ఇంట్లో దుప్పట్లన్నీ రంగులవి.

అప్పుడు మాతో ఉన్న మామయ్యగారు లోపలికి వెళ్ళి తన పాత పంచె ఒకటి తెచ్చి ఇచ్చారు. పంచెను మనవడి తల మీద కప్పి, కళ్ళున్న చోట చాక్‌పీసుతో రెండు గుర్తులు పెట్టి, కత్తెర చేతికి తీసుకునే ముందు, “ఒరే, పక్కలకి కనపడదు, రోడ్డు దాటేటప్పుడు తల మొత్తం తిప్పి చూడాలి,” అని రెండుసార్లు చెప్పారు. మరునాడు సాయంత్రం మా వీధిలో దయ్యాలు చాలానే తిరిగాయి, వాటిలో మావాడిని నేను దూరం నుంచే గుర్తుపట్టాను. పాదాల దగ్గర వాడి పంచెకు వేలెడు వెడల్పున సరిగంచు ఉంది.