‘ఏడాది వారంటీ’ అని బిల్డర్ రాసిస్తే...

ఫ్లాట్ అగ్రిమెంట్‌లో ‘ఏడాది వారంటీ’ అని ఉందని అక్కడితో ఊరుకోకండి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్లలోపు లోపం చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో పైసా పుచ్చుకోకుండా బాగుచెయ్యాలి. చెయ్యకపోతే పరిహారం అడగొచ్చు. స్లాబు, పిల్లర్లే కాదు, పనితనం, సామాను నాణ్యత కూడా ఇందులోకే వస్తాయి. లెక్క మొదలయ్యేది రిజిస్ట్రేషన్ నుంచి కాదు, తాళాలు ఇచ్చిన రోజు నుంచి. అందుకే ఆ రోజు ఫ్లాట్ అప్పగించినట్టు బిల్డర్ ఇచ్చే పొసెషన్ లెటర్ జాగ్రత్త. సెకండ్ హ్యాండ్‌లో కొంటే పాత ఓనర్ దగ్గర ఆ లెటర్ అడిగి తీసుకోండి. మిగిలిన గడువు మీకూ వర్తిస్తుంది.

విశాఖలో ఎక్కువ గొడవలు చెమ్మ దగ్గరే. బిల్డర్ ‘మీ పై ఫ్లాట్ బాత్‌రూమ్ లీకండీ’ అంటాడు, పై వాళ్లు ‘బయట గోడ నెర్రె’ అంటారు. తేల్చడం కష్టమేం కాదు. వాన లేని రోజుల్లో పై బాత్‌రూమ్ డ్రెయిన్ మూసి, అంగుళం నీళ్లు నిలబెట్టి 24 గంటలు వదిలెయ్యండి. కింద సీలింగ్ తడిస్తే వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే. సీలింగ్ పొడిగానే ఉండి, అక్టోబరు వాయుగుండం వానకే గోడ నానుతుంటే బయటి గోడనో కిటికీ అంచులనో అనుమానించాలి. తేలేదాకా గోడ మాత్రం పగలగొట్టకండి. మీరు చెయ్యి వేస్తే ‘పాడుచేసింది మీరే’ అనడానికి బిల్డర్‌కి సందు దొరుకుతుంది. టెర్రస్‌పై సోలార్ స్టాండుకి డ్రిల్లింగ్ చేసినా ఇదే పేచీ.

ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో చెప్పి ఊరుకుంటే చాలదు. తేదీ పడే ఫోటోలు జతచేసి, ఏ గదిలో ఏ గోడో రాసి, రసీదు వచ్చే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. 30 రోజులు దాటాక ఈ చట్టం కింద పనిచేసే రాష్ట్ర సంస్థ ఏపీ రెరాలో ఫిర్యాదు చెయ్యొచ్చు. 500 చదరపు మీటర్లు దాటని స్థలం, లేదా 8 ఫ్లాట్లు దాటని బిల్డింగ్ అయితే రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అలాంటి చోట అగ్రిమెంట్‌లోని మాటకి బలమెక్కువ, సంతకానికి ముందే 5 ఏళ్లని రాయించుకోండి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే గడువు 2 ఏళ్లు.

ఇంట్లో ఏసీ వారంటీ కూడా ఇలాగే చదవాలి. సముద్రం ఒడ్డున లాసన్స్ బే, రుషికొండ వైపు ఉప్పుగాలికి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ తుప్పు పడుతుంది. కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ అని ప్రకటిస్తారు గానీ కాయిల్, గ్యాస్, పీసీబీ (సర్క్యూట్ బోర్డు)లకి విడిగా ఎంతో చూడండి, ‘తుప్పు వర్తించదు’ అనే లైను ఉందేమో వెతకండి. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) తీసుకుంటే కాంప్రిహెన్సివ్‌నా, అంటే పార్టులు కూడా కలిపేనా అని అడగండి. కాకపోతే పార్టులకి మళ్లీ డబ్బు కట్టాలి.