ఘాట్ ఎక్కిన కారు చదును రోడ్డు మీద కుదిపింది

నాన్నగారి అంబాసిడర్ మార్క్ 3, 1976 మోడల్. మొన్న రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్తుంటే గోకవరం దాటగానే మిస్సింగ్ మొదలైంది. యాభైలో నిలకడగా పోతుంటే ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు కుదుపులు. పక్కన అమ్మ డ్యాష్‌బోర్డు పట్టుకునే కూర్చుంది. మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో యాక్సిలేటర్ గట్టిగా తొక్కితే మాత్రం బండి శుభ్రంగా లాగేసింది. ఐడ్లింగూ బాగానే ఉంది.

తిరిగొచ్చాక మేస్త్రి "కార్బొరేటర్లో చెత్త చేరిందండీ" అన్నాడు. విప్పి కడిగాం. తేడా లేదు. ప్లగ్గులు నాలుగూ ఒకే లేత గోధుమ రంగులో ఉన్నాయి. ఒక్కో ప్లగ్ వైరూ పీకి చూస్తే ప్రతిసారీ ఇంజన్ వేగం ఒకేలా దిగింది. అంటే లోపం ఏదో ఒక సిలిండర్‌ది కాదు, నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది. నాలుగు ప్లగ్గులకీ కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, స్పార్క్ కోసం కరెంటుని కలిపి తెంచే పాయింట్ల గ్యాప్ 0.40 మి.మీ.కి పెట్టాం, కండెన్సర్ మార్చాం. కుదుపులు పోలేదు.

ఆ రాత్రి పడుకున్నాక ఘాట్ గుర్తొచ్చింది. గట్టిగా తొక్కితే ఇంజన్ గాలి పీల్చే లాగుడు, అదే వాక్యూమ్, పడిపోతుంది. ఐడ్లింగ్‌లో డిస్ట్రిబ్యూటర్ పైపుకి వాక్యూమ్ అందదు. సగం తొక్కి నిలకడగా పోయేటప్పుడే అది పాయింట్లు బిగించిన లోపలి ప్లేటుని లాగి తిప్పుతుంది. మాకు కుదుపులొచ్చేదీ అప్పుడే! పొద్దున్నే ఆ పైపు పీకి, చివర బిరడా పెట్టి పది కిలోమీటర్లు నడిపాను. ఒక్క కుదుపు లేదు.

డిస్ట్రిబ్యూటర్ మూత, లోపల తిరిగే రోటరు తీసి, పాయింట్లు మూసుకునేలా ఇంజన్ తిప్పి, కీ ఆన్ చేసి ప్లేటుకీ బాడీకీ మధ్య మీటరు పెట్టాను. దాదాపు సున్నా. వేలితో ప్లేటుని కాస్త తోశాను. ముల్లు 12 వోల్టుల దాకా ఎగిరింది. అంటే తెగింది ప్లేటుని బాడీకి కలిపే ఎర్త్ వైరు! అంగుళంన్నర ఉంటుందేమో, పైన నూలు తొడుగు, చూపుకి నిక్షేపంగా ఉంది. మెల్లగా లాగితే తొడుగు సాగింది. లోపల రాగి పోగులన్నీ తెగిపోయి, కొసలు తాకీ తాకనట్టు ఉన్నాయి. ప్లేటు తిరిగినప్పుడల్లా విడిపోతున్నాయి.

మేస్త్రి మామూలు వైరు ముక్క కోయబోతే వద్దన్నాను. ప్లేటు దారి పొడుగునా కదులుతూనే ఉంటుంది, బిరుసు వైరు అక్కడ నిలవదు. పాత మీటరు ప్రోబు వైరు కోశాం. దాని పోగులు వెంట్రుకల్లా మెత్తగా ఉంటాయి. రెండు కొసలకీ ట్యాగులు నొక్కి, ప్లేటు తిరగడానికి కాస్త వదులు ఉంచి బిగించాం. వాక్యూమ్ పైపు మళ్లీ తగిలించాం.

ఆదివారం రంపచోడవరం దాకా వెళ్లొచ్చాం. గోకవరం రాకముందే అమ్మ నిద్రపోయింది.