పద్దెనిమిదేళ్లు నిండాక సంతకం ఎవరిది?

మేధో వైకల్యం ఉన్న పిల్లలను పెంచుతున్న కోనసీమ కుటుంబాల్లో పింఛను గురించీ, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు గురించీ తెలియనివారు తక్కువే గానీ, బిడ్డకు 18 ఏళ్లు నిండిన రోజుతో తల్లిదండ్రుల సహజ సంరక్షక హక్కు ముగిసిపోతుందన్న సంగతి చాలామందికి తెలియదు. మా బావగారు పోయాక, మేనల్లుడి వాటాకు వచ్చిన కొబ్బరితోట కౌలు డబ్బు వాడి ఖాతాలో వేయబోతే, ఖాతా నడిపే అధికారం మీకెక్కడిదని బ్యాంకులో అక్కయ్యను అడిగారు. కన్నతల్లినన్న జవాబు అక్కడ చెల్లలేదు.

దీనికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో దారి ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి జిల్లా స్థాయి కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. కమిటీలో కలెక్టరు, ఒక నమోదిత సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ దరఖాస్తు చేయవచ్చు. 2022లో కొత్త జిల్లా ఏర్పడింది కనుక మన ప్రాంతంవారు కాకినాడ దాకా పోనక్కర్లేదు. కలెక్టరేటు అమలాపురంలోనే ఉంది.

ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది వేరే ఉంది. అసలు సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏయే పనులకు అన్నది కమిటీ పరిశీలించాలి. మా వాడికి నోట్ల విలువ తెలియదు, కానీ అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల నుంచి ఈనెలు చీరి, పొట్టివి పక్కన పెట్టి, సమానమైనవే కట్టకట్టి చీపురు చేస్తాడు. ఎవరైనా తొందరపెడితే కత్తి కింద పెట్టేసి, వాళ్లు వెళ్లేదాకా ముట్టుకోడు. ఇష్టాయిష్టాలు అంత స్పష్టంగా ఉన్న మనిషి బతుకు మొత్తాన్ని ఇంకొకరి చేతికి రాసిచ్చేయడం న్యాయం కాదని నా గట్టి నమ్మకం.

నియమితులైనవారు ఆరు నెలల్లోగా ఆస్తి వివరాలు కమిటీకి సమర్పించాలి, ఆపైన ఏటా లెక్కలు చూపాలి. ఆస్తి మీద కన్నుపడే బంధువులున్న ఇళ్లలో ఈ నిబంధన బిడ్డకు పెద్ద అండ.

అక్కయ్య దరఖాస్తులో బ్యాంకు, భూమి వ్యవహారాలు మాత్రమే రాసింది. తన తదనంతరం ఆ బాధ్యత ఎవరు తీసుకోవాలన్నది మేమింకా తేల్చుకోలేదు. ఆ మాటలు జరిగే రోజున వాణ్ని కూడా మా మధ్యనే కూర్చోబెట్టుకుంటాం.