పిండినల్లికీ పొలుసు పురుగుకీ ఒకే మందా?

కొమ్మ మీద తెల్లగా ఏది కనిపించినా పిండినల్లి అనేసి మందు కొట్టేస్తారు చాలామంది. పక్కనే గోధుమరంగు బుడిపెలుంటే మాత్రం బెరడే అలా ఉందనుకుని వదిలేస్తారు, అవేమో పొలుసు పురుగులు. రెండూ దగ్గరి చుట్టాలే, రసం పీల్చే బతుకుతాయి, రెండింట్లోనూ ఆడవాటికి రెక్కలుండవు. అయినా ఒకదానికి పనిచేసిన పద్ధతి రెండోదానికి పనిచేస్తుందని నమ్మకం లేదు.

అనుమానముంటే గోటితో గీకి చూడండి. పిండినల్లి అయితే పైనున్న పిండి రాలిపోయి మెత్తటి ఒళ్ళు, కాళ్ళు బయటపడతాయి, మెల్లగా నడుస్తుంది కూడా. గట్టి పొలుసు రకాల్లో డిప్ప ఊడొస్తుంది, కింద కాళ్ళు లేని చిన్న ముద్ద మిగులుతుంది. ఆ డిప్ప పురుగు ఒంట్లో భాగం కాదు, విడిచిన చర్మాలకి మైనం కలిపి అది కట్టుకున్నదే. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో దీనికీ కాళ్ళుంటాయి, చోటు చూసుకుని మూతి గుచ్చాక, మొదటిసారి చర్మం విడిచేటప్పుడు అవి పోతాయి, ఇక ఆడపురుగు బతుకంతా అక్కడే.

అందుకే పొలుసు పురుగుకి టైమింగే ప్రాణం. డిప్ప కట్టేశాక, ఒంటికి తగిలితేనే చంపే మందులు లోపలికి సరిగ్గా చేరవు. కొమ్మ చుట్టూ రెండువైపులా జిగురుండే టేపు చుట్టి రోజూ భూతద్దంతో చూడండి, పాకే పిల్లలు చిన్న చుక్కల్లా అతుక్కుంటాయి. సబ్బు ద్రావణమో, తోటలకి వాడే నూనెమందో అప్పుడు కొట్టాలి.

పిండినల్లి దగ్గర నేను ముందు చూసేది చీమల్ని. అది వదిలే తీపి జిగురు కోసం చీమలు కాపలా కాస్తూ మిత్ర పురుగుల్ని తరిమేస్తాయి, ఆ జిగురు మీదే ఆకులకి నల్లటి మసి పడుతుంది. మెత్తటి పొలుసు రకాలూ ఈ జిగురు వదులుతాయి, గట్టివి వదలవు. చీమలు చెట్టెక్కకుండా ఆపకపోతే ఎంత మందు కొట్టినా సగం పనే.

ఇంకో మాట, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల కూడా ఒళ్ళంతా తెల్లటి మైనంతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. పాపం, దాన్నే నలిపేస్తుంటారు. కాస్త పెద్దగా ఉండి, మైనం పోగులు పొడుగ్గా వేలాడుతూ, గబగబా నడుస్తుంటే అది మన పక్షమే. అవి తిరుగుతున్న చెట్టుకి నేనైతే మందు కొట్టను, చీమల్ని మాత్రం ఆపి వదిలేస్తాను.