చిన్న స్టైపెండ్ ఎవరి నిర్ణయాన్ని మార్చింది?

అమెరికా కాలేజీ క్రీడల్లో ఆటగాళ్లకు అందే డబ్బు గురించి ఇప్పుడు ఎవరు మాట్లాడినా మిలియన్ల లెక్కలోనే మాట్లాడుతున్నారు. ఆ అంకెల హోరులో, 2015లో మొదలైన ఒక చిన్న స్టైపెండ్ సంగతి దాదాపు మరుగున పడిపోయింది. ఏడాదికి కొన్ని వేల డాలర్లకు మించని ఆ మొత్తం రిక్రూటింగ్‌ను, అంటే కాలేజీలు ఆటగాళ్లను ఒప్పించి చేర్చుకునే ప్రక్రియను, తలకిందులు చేస్తుందని అప్పట్లో కొందరు భయపడ్డారు, తీరా అమల్లోకి వచ్చాక అది ఏమీ మార్చలేదని మరికొందరు తేల్చేశారు. నా అభిప్రాయం ఈ రెండింటికీ భిన్నమైనది. దేశమంతటా పేరు మోగిపోతున్న ఆటగాడి దారిని ఆ స్టైపెండ్ మార్చలేదు గానీ, రెండు మధ్యస్థాయి కాలేజీల మధ్య ఊగిసలాడే పిల్లల నిర్ణయాన్ని, అందులోనూ చేతిలో డబ్బు ఆడని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లల నిర్ణయాన్ని, అది నిజంగానే మార్చింది. అలా మార్చడంలో అన్యాయమేమీ లేదని కూడా నేను నమ్ముతున్నాను.

కాలేజీ క్రీడలను నడిపించే ఎన్‌సీఏఏ, కుటుంబ ఆదాయంతో పని లేకుండా ఆట ఆధారంగానే పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి 1956లో అనుమతించింది. ట్యూషన్, ఫీజులు, వసతి, భోజనం, పుస్తకాలతో పాటు, బట్టలు ఉతికించుకోవడానికని నెలకు 15 డాలర్లు కూడా అందులో ఉండేవి. ఖర్చులు తగ్గించుకునే పేరుతో 1970లలో ఆ 15 డాలర్లను కూడా తీసేశారు. ఆ తర్వాత సుమారు నలభై ఏళ్లపాటు టెలివిజన్ హక్కుల ఆదాయం, కోచ్‌ల జీతాలు ఏటికేడు పెరుగుతూ పోయాయి. ఆటగాడి జేబుకు సంబంధించిన నిబంధన మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. 2011 అక్టోబరులో ఎన్‌సీఏఏ రెండు వేల డాలర్ల స్టైపెండ్‌కు ఆమోదం తెలిపితే, తాము అంత భరించలేమని వందకు పైగా కాలేజీలు అభ్యంతరం చెప్పడంతో డిసెంబరుకల్లా దాన్ని నిలిపివేయాల్సి వచ్చింది. చివరికి 2015 జనవరిలో ఐదు పెద్ద కాన్ఫరెన్స్‌లకు (కొన్ని కాలేజీ జట్లు కలిసి ఆడుకునే లీగ్‌లకు) చెందిన 65 యూనివర్సిటీల ప్రతినిధులు, 15 మంది విద్యార్థి క్రీడాకారులు కలిసి ఓటు వేసి, 79–1 తేడాతో మార్పును ఆమోదించారు. వ్యతిరేకంగా పడిన ఆ ఒక్క ఓటు బోస్టన్ కాలేజీది. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి స్కాలర్‌షిప్ పరిధి ‘కాస్ట్ ఆఫ్ అటెండెన్స్’ దాకా, అంటే చదువుకునే కాలంలో విద్యార్థికి నిజంగా అయ్యే మొత్తం ఖర్చు దాకా, పెరిగింది.

పాత స్కాలర్‌షిప్‌లో లేనివీ కొత్త దానిలో చేరినవీ ప్రధానంగా రెండు: ప్రయాణాలు, వ్యక్తిగత ఖర్చులు. వినడానికి ఇవి చిన్నవిగానే అనిపిస్తాయి. కానీ రిక్రూటింగ్‌లో ఒక కోచ్ ఎవరింటికైనా వచ్చి కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో ఊహించండి. స్టేడియం, ప్రాక్టీసు సౌకర్యాలు, గెలిచిన టైటిళ్లు అన్నీ చెప్పడం పూర్తయ్యాక, అప్పటిదాకా మౌనంగా విన్న తల్లి అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. సెలవులకు పిల్లవాడు ఇంటికి రావాలంటే విమానం టికెట్టు ఎవరు కొంటారు? చలికాలం కోటు, ఫోను బిల్లు, పంటి నొప్పి వస్తే మందుల ఖర్చు ఎవరిది? 2015కు ముందు ఈ ప్రశ్నలకు కోచ్ దగ్గర నిబంధనలకు లోబడిన సమాధానం దాదాపు ఉండేది కాదు. నిబంధనలకు లోబడని సమాధానాలు మాత్రం ఎప్పుడూ ఉండేవి. బూస్టర్ల, అంటే జట్టుకు డబ్బిచ్చే వీరాభిమానుల, రహస్య చెల్లింపులు బయటపడి సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ 1987లో తన అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌నే కోల్పోయింది. స్టైపెండ్ చేసిన మొదటి మేలు, ఆ తల్లి ప్రశ్నకు కాగితం మీద చూపించగలిగే సమాధానాన్ని కోచ్ చేతికి ఇవ్వడం.

ఆ కాగితం మీది అంకె అన్నిచోట్లా ఒకటిగా లేకపోవడంతోనే పోటీ మొదలైంది. కాస్ట్ ఆఫ్ అటెండెన్స్‌ను లెక్కించేది క్రీడా విభాగం కాదు. ఫెడరల్ చట్టానికి లోబడి, మామూలు విద్యార్థులందరి కోసం యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు ఆ లెక్క వేస్తుంది. ప్రయాణానికి ఎంత, వ్యక్తిగత ఖర్చుకు ఎంత అన్నది అంచనా వేయడంలో ప్రతి ఆఫీసుకూ కొంత స్వేచ్ఛ ఉంది. మొదటి ఏడాది టెనెసీలో ఈ మొత్తం 5,666 డాలర్లుగా, ఆబర్న్‌లో 5,586 డాలర్లుగా ప్రకటితమైంది. ట్యూషన్ మోత మోగిపోయే కొన్ని ప్రైవేటు యూనివర్సిటీల్లో మాత్రం అది రెండు వేలకు అటూ ఇటూగానే ఉంది. ఆబర్న్‌కు బద్ధ ప్రత్యర్థి అయిన అలబామాలో మొదట తక్కువగా ఉన్న అంకె కొద్ది నెలల్లోనే గణనీయంగా పెరిగింది. ఒక్కో కాలేజీకి ఒక్కో అంకె ఉంటే రిక్రూటింగ్‌లో సమానత్వం ఉండదని అక్కడి అప్పటి కోచ్ నిక్ సేబన్ బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. ఎయిడ్ ఆఫీసు గుమాస్తా వేసే లెక్క ఆటగాళ్ల వేటలో ఆయుధంగా మారడం మంచిది కాదన్న ఆందోళనను నేను అర్థం చేసుకోగలను. అయినా ఏటా లక్షల డాలర్ల జీతం తీసుకునే కోచ్‌లు మూడు వేల డాలర్ల తేడాను ఆటకే ముప్పుగా చిత్రించడం నాకు బాధ కలిగించింది.

ఇంతకీ ఆ తేడా ఎవరిని కదిలించింది? అగ్రశ్రేణి ఆటగాళ్లు స్టైపెండ్‌కు ముందూ తర్వాతా అవే పది పదిహేను యూనివర్సిటీలకు వెళ్లారు. వాళ్ల కళ్లు ప్రొఫెషనల్ లీగ్ మీదే ఉంటాయి కాబట్టి నెలకు మూడు నాలుగు వందల డాలర్లు ఆ లెక్కలో ఒక అంశమే కాదు. అసలు కదలిక ఆ కింది మెట్టున కనిపిస్తుంది. పెద్ద కాన్ఫరెన్స్‌లో అట్టడుగున ఉన్న ఒక జట్టూ, చిన్న కాన్ఫరెన్స్‌లో ముందువరుసలో ఉన్న మరో జట్టూ ఒకే కుర్రవాడి కోసం పోటీపడుతున్నాయనుకుందాం. రెండో చోట మొదటి ఏడాదే మైదానంలోకి దిగే అవకాశం ఉంటుంది, మొదటి చోట స్టైపెండ్ ఉంటుంది. ఇంటికి ఎంతో కొంత పంపాల్సిన బాధ్యత ఉన్నవాడు ఆడే అవకాశాన్ని రెండేళ్లు వాయిదా వేసుకుని అయినా స్టైపెండ్ వైపు మొగ్గుతాడు. అందుకే చిన్న కాన్ఫరెన్స్‌లలోని కాలేజీలు కూడా, తప్పనిసరి కాకపోయినా, తలకు మించిన భారమైనా, స్టైపెండ్ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఫుట్‌బాల్‌లో అప్పట్లో 85 స్కాలర్‌షిప్‌లు ఉండేవి. తలకు ఐదు వేల చొప్పున వేసుకున్నా ఆ ఒక్క ఆటకే ఏడాదికి 4,25,000 డాలర్లు అయ్యేవి. స్త్రీ పురుష క్రీడాకారుల మధ్య ఆర్థిక సహాయం దామాషాలో ఉండాలన్న టైటిల్ నైన్ చట్టం వల్ల మహిళా జట్లకూ అదే మేరకు ఇవ్వాలి, అది న్యాయం కూడా. పురుషుల బాస్కెట్‌బాల్‌లో అప్పుడున్నవి 13 స్కాలర్‌షిప్‌లే కావడంతో, ఫుట్‌బాల్ బరువు లేని బిగ్ ఈస్ట్ వంటి కాన్ఫరెన్స్‌లకు ఈ ఖర్చు తేలికగా మోయగలిగినదైంది, దానితో బాస్కెట్‌బాల్ రిక్రూటింగ్‌లో అవి పెద్ద ఫుట్‌బాల్ యూనివర్సిటీల సరసన నిలబడగలిగాయి.

ఇచ్చిన చేత్తోనే వెనక్కు లాక్కునే ప్రయత్నాలూ జరిగాయి. స్టైపెండ్ వచ్చిన మొదటి సీజన్‌లోనే వర్జీనియా టెక్ ఫుట్‌బాల్ శిక్షకులు క్రమశిక్షణ పేరుతో ఆ డబ్బు నుంచి జరిమానాలు వసూలు చేస్తున్నారన్న సంగతి బయటికి పొక్కింది, అక్కడి అథ్లెటిక్ డైరెక్టర్ వెంటనే దాన్ని ఆపించారు. చదువుకోవడానికి అయ్యే ఖర్చుగా లెక్కగట్టి ఇచ్చిన డబ్బును జీతంలా కోయడం ఎంతటి అపచారమో ఆ జట్టులో ఎవరికీ తట్టకపోవడమే విచారకరం.

ఈ చర్చలో ఎవరూ పట్టించుకోని ఆటలు కొన్ని ఉన్నాయి, నాకు ఎక్కువ ఆసక్తి వాటిమీదే. బేస్‌బాల్ జట్టుకు ఇటీవలి దాకా 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటిని 27 మంది దాకా పంచుకునేవారు. పురుషుల స్విమ్మింగ్‌కు, రెజ్లింగ్‌కు చెరి 9.9, టెన్నిస్‌కు 4.5. ఇలాంటి ఆటల్లో ఒక్కొక్కరికి వచ్చేది పావో సగమో మాత్రమే. ఫుట్‌బాల్ క్రీడాకారుడికి స్టైపెండ్ ఖర్చులు పోను మిగిలే అదనపు సొమ్మయితే, అదే కాలేజీలో ఈతగాడు ట్యూషన్ కోసమే అప్పు చేస్తుంటాడు. అందువల్ల ఈ ఆటల కోచ్‌లు స్టైపెండ్ చూపించి పిలవలేకపోయారు. ఆ రాష్ట్రంలోనే ఉంటున్న పిల్లలకు ట్యూషన్ తక్కువ కాబట్టి వాళ్లనో, మార్కుల ఆధారంగా మరో స్కాలర్‌షిప్ తెచ్చుకోగలిగినవాళ్లనో, తల్లిదండ్రులు మిగతాది కట్టుకోగలిగినవాళ్లనో వెతుక్కున్నారు. ఆ ఆటల్లో సంపన్న కుటుంబాల పిల్లలే ఎక్కువగా కనిపించడానికి ఇది కూడా ఒక కారణమని నేను భావిస్తాను.

2021 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు, ఎన్‌సీఏఏపై క్రీడాకారులు వేసిన ఆల్స్టన్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ఇచ్చిన తీర్పు తర్వాత, చదువుకు సంబంధించిన ప్రోత్సాహకంగా ఏడాదికి 5,980 డాలర్ల దాకా ఇచ్చే వీలు కలిగింది. గరిష్ఠ పరిమితి అందరికీ ఒక్కటే కావడంతో పూర్తిగా ఇచ్చేవాళ్ల మధ్య తేడా లేకుండా పోయింది, ఇవ్వనివాళ్లు మాత్రం వెనకబడ్డారు.

పదిరోజులు తిరిగేసరికి, జులై 1న, ఆటగాళ్లు తమ పేరును, రూపాన్ని వాడుకుని సంపాదించుకోవచ్చన్న ఎన్‌ఐఎల్ విధానం అమల్లోకి వచ్చింది. అభిమానుల విరాళాలతో నడుస్తూ ఆటగాళ్లకు ఈ డబ్బు సమకూర్చే కలెక్టివ్‌లు పుట్టుకొచ్చాక స్టైపెండ్ అంకె రిక్రూటింగ్ సంభాషణలో చివరి పంక్తికి జారిపోయింది. కానీ ఆ రెండు రకాల డబ్బు మధ్య పెద్ద తేడా ఉంది. స్టైపెండ్‌కు యూనివర్సిటీ సంతకం చేసిన పత్రం ఆధారం. కలెక్టివ్ మాటకు అలాంటి పూచీ ఉండకపోవచ్చు. క్వార్టర్‌బ్యాక్ (ఫుట్‌బాల్ జట్టు దాడిని నడిపించే ఆటగాడు) జేడెన్ రషాడా 13.85 మిలియన్ డాలర్ల ఒప్పందాన్ని నమ్మి ఫ్లోరిడా యూనివర్సిటీని ఎంచుకుంటే, ఆ ఒప్పందం రద్దయింది. 2023 జనవరిలో అక్కడి నుంచి విడుదల కోరుకుని అరిజోనా స్టేట్‌కు వెళ్లిన ఆయన, 2024 మేలో అప్పటి ఫ్లోరిడా కోచ్‌తో పాటు మరికొందరిపై కోర్టుకెక్కారు. ఆ వివాదంలో ఎవరిది న్యాయమన్నది కోర్టు చూసుకుంటుంది. పదిహేడేళ్ల పిల్లలు తమ చదువును, భవిష్యత్తును ఇలాంటి మాటల మీద పణంగా పెట్టాల్సి రావడం మాత్రం నన్ను కలవరపెడుతోంది.

ఎఫ్-1 వీసా మీద వచ్చే క్రీడాకారుల పరిస్థితి చూస్తే స్టైపెండ్ విలువ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. స్టైపెండ్ స్కాలర్‌షిప్‌లో భాగం కాబట్టి వాళ్లకు దాన్ని తీసుకోవడంలో ఇబ్బంది లేదు, పన్ను మాత్రం పడుతుంది. ఎన్‌ఐఎల్ ఒప్పందం కోసం అమెరికా గడ్డమీద పనిచేస్తే వీసాకే ఎసరు రావచ్చు. పర్డ్యూ యూనివర్సిటీకి ఆడిన కెనడా బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు జాక్ ఈడీ వరుసగా రెండేళ్లు దేశంలోనే మేటి ఆటగాడిగా ఎంపికైనా, తోటివాళ్లకు వచ్చిన అవకాశాలను చాలావరకు వదులుకోవాల్సి వచ్చింది. విదేశాల నుంచి ఆటగాళ్లను తెచ్చుకునే టెన్నిస్, గోల్ఫ్, ట్రాక్ జట్ల కోచ్‌లు నేటికీ ధైర్యంగా చూపించగలిగే డబ్బు స్కాలర్‌షిప్, దానితోపాటు వచ్చే స్టైపెండ్ మాత్రమే.

2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన, ఎన్‌సీఏఏపై క్రీడాకారులు వేసిన హౌస్ కేసు ఒప్పందంతో పరిస్థితి మళ్లీ మారింది. 2025–26లో ఒక్కో యూనివర్సిటీకి 20.5 మిలియన్ డాలర్ల దాకా నేరుగా క్రీడాకారులకు పంచే వీలు కలిగింది. స్కాలర్‌షిప్‌ల సంఖ్యపై పరిమితులు పోయి జట్టు పరిమాణంపై పరిమితులు వచ్చాయి: ఫుట్‌బాల్‌కు 105, బేస్‌బాల్‌కు 34. అంటే ఇచ్చే స్తోమత ఉంటే 34 మంది బేస్‌బాల్ ఆటగాళ్లకూ పూర్తి స్కాలర్‌షిప్, స్టైపెండ్ ఇవ్వవచ్చు. స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో జట్టులో చేరే వాక్-ఆన్‌లకు ఆ మేరకు తలుపులు మూసుకుపోతున్నాయి. పైగా కొత్తగా చేర్చే స్కాలర్‌షిప్‌ల విలువలో 2.5 మిలియన్ డాలర్ల వరకు ఆ 20.5 మిలియన్లలోనే లెక్కకు వస్తుంది. చాలా పెద్ద యూనివర్సిటీలు పంచే సొమ్ములో ముప్పావు వంతు దాకా ఫుట్‌బాల్‌కే కేటాయించుకుంటున్నందున, ఒక ఈతగాడికి స్టైపెండ్ పెంచడమంటే క్వార్టర్‌బ్యాక్‌కు ఇచ్చే దాంట్లో కోత పెట్టడంగానే అథ్లెటిక్ డైరెక్టర్ల కంటికి కనిపిస్తుంది.

కాబట్టి నేను కోరేది ఒక్కటే. పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చే ప్రతి క్రీడాకారుడికీ కాస్ట్ ఆఫ్ అటెండెన్స్‌ను కనీస హామీగా రాసివ్వాలి. ఏటా పునరుద్ధరించే షరతు లేకుండా డిగ్రీ పూర్తయ్యేదాకా అది కొనసాగాలి, ఆ తర్వాతే మిగిలిన మొత్తం పంపకానికి రావాలి. పదహారు మిలియన్లు పంచగల యూనివర్సిటీతో ఒక మిలియన్ మాత్రమే పంచగల యూనివర్సిటీ రిక్రూటింగ్‌లో ఎన్నటికీ సమానం కాలేదు. కానీ సెలవులకు పిల్లవాడు ఇంటికి ఎలా వస్తాడని అడిగిన తల్లికి రెండూ ఒకే సమాధానం చెప్పగలవు.