తాళం తీసేశాక

"ఎస్‌ఎంపీ_లాక్.హెచ్ అనే ఫైలే లేదు" అంటోంది కంపైలర్. ఎవరో ఎప్పుడో రాసిన డ్రైవర్ (పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్), ఇవాళ నా నెత్తిన పడింది.

ఉండదు మరి. అది కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మొత్తానికీ ఉన్న ఒకే తాళం, బిగ్ కెర్నెల్ లాక్, వాడటానికి కావలసిన ఫైలు. లినక్స్‌లో బిగ్ కెర్నెల్ లాక్‌ని 2011లో, 2.6.39 వెర్షన్‌తో పూర్తిగా పీకేశారు.

1996లో 2.0తో ఒకటికి మించి ప్రాసెసర్లు వాడే వీలొచ్చినప్పుడు పెట్టిన తాళం అది. ఊరంతటికీ ఒకే చేద ఉన్న బావిలాగ: ప్రాసెసర్లు ఎన్నున్నా, కెర్నెల్లోకి ఒక్కోసారి ఒక్కటే. అప్పటికి అదే సులువు, తప్పు పట్టలేం.

తర్వాత చిన్న చిన్న తాళాలొచ్చి దాని పని తగ్గించాయి. అయినా పూర్తిగా తీయడానికి పదిహేనేళ్లు! ఎందుకో ఈ డ్రైవర్ చూస్తే అర్థమైంది. ఆ తాళం పట్టుకున్నవాడే మళ్లీ పట్టుకోవచ్చు. పట్టుకుని నిద్రపోతే (అంటే దేనికోసమో ఆగితే), ఏ పని ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలరే దాన్ని విడిపించి, లేచాక తిరిగి ఇస్తుంది. ఇంత గారాబం చేసే తాళం ఏ డేటాని కాపాడుతోందో ఎవరూ రాసిపెట్టలేదు. ఈ డ్రైవర్లోనూ అంతే, ఒక్క కామెంట్ పెట్టలేదు మహానుభావుడు.

ఆ తాళం వేసే లాక్_కెర్నెల్ కాల్ తీసి మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల మామూలు తాళం) పెట్టడం రెండు నిమిషాల పని. కానీ మ్యూటెక్స్ నిద్రలో వదలదు, రెండోసారి పట్టుకోబోతే అక్కడే బిగుసుకుపోతుంది. కాబట్టి నిద్రపోయే ప్రతి కాల్ వెతకాలి. సాయంత్రమంతా అదే పని.

డ్రైవర్లో ఐయాక్టల్ (పరికరానికి ఆదేశాలిచ్చే ఫంక్షన్) వరకూ అయింది. ఓపెన్, క్లోజ్ ఇంకా చూడాలి. ఇలాంటివి ఎవరైనా పోర్ట్ చేసుంటే లాక్‌డెప్ (తాళాల వాడకంలో తప్పులు పట్టే కెర్నెల్ సాధనం) కాకుండా ఇంకేం వాడారో కాస్త చెప్పండి.