ముందుగది గోడ

ఆదివారం. పొద్దుటి నుంచీ ముసురు. ఈ వానలో పాతపట్నం నుంచి తాపీమేస్త్రీ ఏం వస్తాడులే అనుకున్నాం. కాఫీలు అవుతుండగానే దిగిపోయాడు. తిన్నగా ముందుగదిలోకెళ్ళి ఉలితో గోడ తట్టడం మొదలుపెట్టాడు. నడుం ఎత్తు దాకా డొల్ల చప్పుడు.

"ఇక్కడిదాకా సిమెంటు చేయించారు కదమ్మా?" అన్నాడు. నాన్న ఉన్నప్పుడు ఓ కాంట్రాక్టరు చెమ్మ కనపడకుండా చేస్తానని చేసిన పని అది. పాపం, కొన్నేళ్ళు కనపడకుండానే చేశాడు. ఇప్పుడు సిమెంటు ఆగినచోటు నుంచి ఇంకా పైకి నల్లగా మరక పాకింది.

ఉలితో ఒక పెచ్చు లేపాడు. వెనక ఇటుక మీద తెల్లటి ఉప్పు, దూదిపింజల్లా. వేలు తగిలితే చాలు, రాలిపోతోంది. ఇటుకల మధ్య సున్నం తడిసి, గోటితో గీసినా ఊడొస్తోంది.

పర్లాకిమిడి ఒడిశాలో కలవకముందు, ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి ఇల్లు మాది, అంటే 1936కు ముందుది. నేల తడి పైకెక్కకుండా పునాదికీ గోడకీ మధ్య ఇప్పుడు వేసే డీపీసీ పొర దీనికి లేదు. నేలలో తడి ఇటుకలోని సన్నటి రంధ్రాల వెంట పైకెక్కుతుంది. సున్నం పూత ఉన్నన్నాళ్ళూ గాలాడి ఆరిపోయేది. సిమెంటు ఆరనివ్వదు, దాంతో తడి ఇంకా పైకి పోతుంది. పైగా వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసి మా అరుగు మెట్లు మింగేశారు. వాననీళ్ళన్నీ గోడ మొదట్లోనే నిలుస్తాయి. నన్నడిగితే అసలు జబ్బు అక్కడుంది.

అన్నయ్య విశాఖ నుంచి ఫోన్. "పైకప్పు కారుతోందేమో చూడవే" అంటాడు. 2018లో తిత్లీ తుపానుకి పెంకులు ఎగిరినప్పుడు కారింది నిజమే. ఆ మరకలు పైనుంచి కిందికి దిగాయి, ఎండలు రాగానే ఆరిపోయాయి. ఇది కిందనుంచి ఎక్కుతోంది, మే నెలలో కూడా ఆరలేదు. ఈ తేడా చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అంతా విని, వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించెయ్యమన్నాడు! మళ్ళీ అదే మూత.

మేస్త్రీ చెప్పింది వేరు. సిమెంటుతో సహా, మరకకి అడుగు పైదాకా పూతంతా చెక్కెయ్యాలి. బయట గోడవార మట్టి తీసి నీళ్ళకి వాటం ఇవ్వాలి. గోడ ఆరాకే సున్నం, ఇసుక పూత. అంగుళం మందం ఆరడానికి దాదాపు నెల పడుతుందట. మాది ఇటుకన్నర గోడ. వచ్చే వేసవి దాకా ఆగాల్సిందే.

అమ్మకి ఇక్కడే టెన్షన్. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పక్కింటి ఒడియా మావుసీతో సహా పేరంటాళ్ళంతా కూర్చునేది ఆ గదిలోనే. చెక్కేసిన గోడకి పట్టుచీర అడ్డం కడదామా అంది. "గాలి తగలాలమ్మా, ఏదీ కట్టకూడదు" అన్నాడు మేస్త్రీ. అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. చివరికి బయటి మట్టి రేపే తీయడానికీ, గోడ మాత్రం వ్రతం అయ్యాక శనివారం చెక్కడానికీ రాజీ కుదిరింది.

బీరువా ఒక్కటీ ఇవాళే జరిపించాను. వెనకపలకంతా బూజు, లోపల అమ్మ చీరల్లో రెండింటికి మరకలు. వ్రతానికి కట్టుకుందామని తీసిపెట్టిన చీర అందులో ఒకటి. సాయంత్రమంతా కాంట్రాక్టర్ని తిడుతూనే ఉంది.